పదో తారీఖు బాతు

మార్సెల్లా హుదాక్ ప్రతి నెలా ఐదో తారీఖున బడి వంటశాలలో పని ముగించుకుని వచ్చి, కోటు కూడా విప్పకుండా క్రెడిట్ కార్డు బిల్లు కట్టేది. ఒకరోజు ముందూ కాదు, ఒకరోజు వెనకా కాదు. "అడిగిన రోజున చివరి సెంటుతో సహా కట్టు, అడక్కముందు మాత్రం చిల్లిగవ్వ ఇవ్వకు" అని ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేసిన తండ్రి చెప్పిన మాట. తండ్రి పోయాడు, ఫ్యాక్టరీ మూతపడింది, ఆ మాట మాత్రం ఆవిడ పట్టుకుని కూర్చుంది.

ఆరో తారీఖున, కార్డు ఖాళీ అయింది కదా అని, చర్చికి సరుకు కొనేది. మైదా బస్తాలు, బంగాళాదుంపలు, చీజు, వెన్న. మా యంగ్స్‌టౌన్‌లో ఆడవాళ్లంతా చర్చి కింది గదిలో చేరి, దుంపముద్ద కూరి, కజ్జికాయల్లా అంచులు నొక్కి పిరోగీలు చేస్తారు. శుక్రవారాలు అమ్ముతారు. ఆ డబ్బుతోనే చర్చికి చలికాలం వెచ్చదనం. సరుకు ఖర్చు నెలాఖరున చర్చి లెక్కలాయన మార్సెల్లాకు ఇచ్చేస్తాడు. కార్డు మీద కొంటే వచ్చే పాయింట్లతో కాగితం ప్లేట్లు ఊరికే వస్తాయని ఆవిడ సంబరం.

పదో తారీఖున బాతు వచ్చేది.

కార్డున్న ప్రతి ఇంటికీ నెలకోసారి బాతు వస్తుంది, అందులో వింతేముంది! బూడిదరంగు పెద్దబాతు. వంటింటి కిటికీ గట్టు మీద వాలి, మెడ చాచి లోపలికి చూస్తుంది. ఆ క్షణాన కార్డు మీద ఎంత బాకీ ఉందో దాని కంటికి కనబడుతుంది. ఎగిరిపోయి ఆ సంగతి, అప్పివ్వొచ్చా లేదా అని మనుషులకు మార్కులేసే మూడు ఆఫీసుల్లో చెబుతుంది. కొన్ని కార్డుల బాతులు సోమరివి, రెండు ఆఫీసులకు వెళ్లేసరికే అలిసిపోతాయి. పక్కింటి ఆండీ యూర్కోకి ఇరవైమూడున వస్తుంది, దానికి ఒక కాలు కుంటి. నలభై ఏళ్లు ఉత్తరాలు పంచి రిటైరైన ఆండీకి వీధిలో ఎవరి బాతు ఎప్పుడొస్తుందో కంఠోపాఠం.

మార్సెల్లా తన బాతును చూసి "ఓహో, నువ్వా!" అని తెర పక్కకు లాగేది. ఎవరికీ ఒక్క డాలరు ఎగ్గొట్టని మనిషికి దాపరికం దేనికి?

ఫిబ్రవరి చివర్లో ఇంటి యజమాని కూతురు వచ్చి, నాన్న పోయాడనీ ఇల్లు అమ్మేస్తున్నామనీ చెప్పింది. "ఇరవైరెండేళ్లు ఉన్నారు, మొదటి హక్కు మీదే. మార్చి నెలాఖరుకల్లా లోను తెచ్చుకోండి. లేదంటే ఇళ్లు కొని అద్దెకిచ్చే కంపెనీకి ఇచ్చేస్తాం." ఆ కంపెనీ చేతిలో పడితే అద్దె రెట్టింపు. బడి వంటమనిషి జీతానికి మూటాముల్లె సర్దుకోవడమే.

సహకార బ్యాంకులో లోన్లు చూసే రోషెల్ కాగితాలు తిరగేసి చావుకబురు చల్లగా చెప్పింది.

"ఆరువందల నలభై మార్కులు కావాలండీ. మీకు ఆరువందల పద్దెనిమిదే ఉన్నాయి. మీ కార్డు పరిమితి రెండు వేలు. అందులో పదిహేడు వందలు వాడేసినట్టుంది. అంత వాడితే మార్కులు పడిపోతాయి."

"వాడితే? ఐదో తారీఖున అంతా కట్టేశానుగా! ఒక్క నెల తప్పానేమో చూడమ్మా!"

"తప్పలేదు. మీ బాతు ఎప్పుడొస్తుంది?"

"పదిన."

"సరుకు కొనేది?"

"ఆరున..." అంటూనే మార్సెల్లా వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకుంది.

"చూశారా? మీరు ఐదున ఇల్లు కడిగి, ఆరున బస్తాలన్నీ దింపి, పదిన చుట్టాన్ని లోపలికి పిలుస్తున్నారు. బాతుకు మీరు కడతారా లేదా అన్నది పట్టదు. వచ్చిన రోజున ఏముందో అదే చెబుతుంది. మార్చి పదికల్లా కార్డు బాకీ ఖాళీ చేసెయ్యండి. ఇంటికని దాచిన డబ్బు మాత్రం ముట్టుకోకండి, అది లోనుకి చూపించాలి."

ఇరవై ఏళ్లు! ఇంత నిక్కచ్చిగా బతికి, ఇరవై ఏళ్లుగా బాతు చేత చాడీలు చెప్పించుకుందా? మార్సెల్లాకు దారి పొడుగునా ఏడుపు ఆగలేదు.

ఆరో తారీఖున మాత్రం సరుకు కొనక తప్పలేదు. ఈస్టర్ ముందు మాంసం మానేసే ఉపవాసాల రోజులు, ఊరంతా పిరోగీలే తింటుంది. ఎనిమిదో తారీఖు, శనివారం పొద్దున్నే చర్చి కింద అందరూ పిండి నొక్కుతున్నారు.

"ఏమే, మొహం అలా వేలాడేశావ్?" అంది ఎనభై నాలుగేళ్ల వెరోనా, అక్కడి పెత్తనమంతా ఆవిడదే. "నువ్వు చేసినవి చూడు, నోళ్లు తెరుచుకుని నవ్వుతున్నాయి."

మార్సెల్లా చేతులు దులుపుకుని, తలెత్తకుండా మొత్తం చెప్పింది.

"అంటే నీ కార్డు మీద వండుకుని, నీ ఇంటికే మేం ఎసరు పెట్టామన్నమాట!" వెరోనా లేచి, ఫ్రీజరు వెనకనుంచి నిన్నటి అమ్మకం డబ్బున్న కాఫీ డబ్బా తెచ్చి బల్ల మీద కుమ్మరించింది. "లెక్కలాయనతో నేను చెబుతా. నెలాఖరున ఇచ్చేది ఇప్పుడే తీసుకో. ఒక్కసారి అడగొచ్చు కదే, మొద్దూ!"

"అడగడం నాకు చేతకాదు వెరోనా."

"ఇప్పుడు నేర్చుకున్నావుగా. ఏడవకు, పిండిలో పడుతుంది."

మధ్యాహ్నం లోపే మార్సెల్లా డబ్బు బ్యాంకులో వేసి, ఫోనులో కార్డు బాకీ మొత్తం కట్టేసింది. ఫోనులో గొంతు తియ్యగా చెప్పింది: మీ చెల్లింపు మంగళవారం జమవుతుంది. మంగళవారమంటే పదకొండు.

సోమవారం పొద్దున ఏడింటికి బాతు కిటికీ మీద వాలింది.

"తెర వేసెయ్యనా?" అని, తోడుగా ఉంటానని పొద్దున్నే వచ్చిన ఆండీని అడిగింది మార్సెల్లా.

"వేస్తే గోడలోంచి చూస్తుంది. వాటితో అవన్నీ చెల్లవు."

ఆవిడ కిటికీ తలుపు పైకెత్తింది. అడగడం నిన్నగాక మొన్న నేర్చుకున్న మనిషి. "తల్లీ, డబ్బు దారిలో ఉంది. ఒక్క రోజు ఆగవే. ఇల్లు పోతుందే నాకు."

బాతు ఆవిడ మొహంకేసి ఒక చూపు చూసింది. తర్వాత తల రెక్క కింద పెట్టుకుని నిద్రపోయింది.

"ఇన్నేళ్లలో నిద్రపోయిన బాతును చూళ్లేదు" అని ఆండీ గుసగుసలాడాడు.

ఆ పగలంతా వీధిలో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. వెరోనా ఇద్దరు ఆడవాళ్లను వెంటబెట్టుకుని మునివేళ్ల మీద నడిచొచ్చి, సూప్ గిన్నె గుమ్మంలో పెట్టి వెళ్లింది. చెత్తబండి వాడు ఇంజను ఆపేసి డబ్బాలు చేత్తో మోశాడు. ఉద్యోగంలో చేరాక మార్సెల్లా మొదటిసారి బడికి రానని కబురు పెట్టింది. మంగళవారం పదకొండింటికి ఫోను మోగింది. జమయింది. బాతు తల ఎత్తి, వంటింట్లోకి తీరిగ్గా చూసి, మూడుసార్లు అరిచి ఎగిరిపోయింది.

ఇరవయ్యో తారీఖున రోషెల్ ఫోన్ చేసింది. ఆరువందల డెబ్భై ఒకటి. నెలాఖరున మార్సెల్లా లోను కాగితాల మీదా, ఇంటి కాగితాల మీదా సంతకాలు పెట్టింది.

మర్నాడు ఆండీ దగ్గర సుత్తి అడిగి తెచ్చుకుంది. అద్దె ఒప్పందంలో గోడకు మేకు కొట్టకూడదని ఉండేది. అందుకే మొగుడు పోయిన తొమ్మిదేళ్లూ అతని ఫోటో ఫ్రిజ్ మీద గోడకు ఆనించే ఉంది. మొదటి మేకు వంగిపోయింది. రెండోది సున్నం రాల్చుకుంటూ వంకరగా దిగింది.

"వంకర పోయింది మార్సెల్లా, తీసి మళ్లీ కొడతా ఉండు" అన్నాడు ఆండీ.

"ఉండనీ" అంది ఆవిడ, ఫోటో తగిలిస్తూ. "నా గోడేగా."