చోంగ్ మల్లే గారి పేరు మీద

"మీ పేరు మీద ఏమీ లేదండీ," అంది బ్యాంకులో అమ్మాయి. నాకు చెడ్డపేరు లేదట. అసలు పేరే లేదట. ఇంతవరకూ ఎవరి దగ్గరా ఏదీ తీసుకుని తిరిగి కట్టిన దాఖలా లేని మనిషికి అప్పు ఎలా ఇస్తామని అడిగింది.

నాకు ఒళ్లు మండింది. హైస్కూల్లో ఉన్నప్పటి నుంచీ సాయంత్రాలు కొట్లో నిలబడి పనిచేసి నా ఫోను బిల్లు నేనే కట్టుకుంటున్నాను. ఒక్క నెల కూడా గడువు దాటలేదు. ఫోను బిల్లులు సరిగ్గా కట్టి ఉంటే చదువుకునే పిల్లలకు అప్పు పుడుతుందని విని ధీమాగా వచ్చాను. చాంగ్‌వోన్‌లో కాలేజీ పక్కన గదికి శుక్రవారంలోగా అడ్వాన్సు కట్టాలి. హాస్టల్లో చోటు రాలేదు. గది పోతే ఈ ఏడు చదువూ పోయినట్టే.

"ఫోను బిల్లులు చూడండి మరి," అన్నాను.

ఆమె నంబరు కొట్టి చూసింది. "ఈ ఫోను చోంగ్ మల్లే గారి పేరు మీద ఉందండీ."

మల్లే మా అమ్మమ్మ. మా దేశంలో పిల్లల ఫోను పెద్దవాళ్ల పేరు మీదే తీసుకుంటారు. ఎదిగాక మార్చుకోవాలని ఎవరికీ తోచదు. నేను ఒళ్లు హూనం చేసుకుని కట్టిందంతా ఆవిడ ఖాతాలో మంచిపేరుగా జమ అయిందన్నమాట.

అమ్మమ్మ తోంగ్యోంగ్ రేవులో ఆల్చిప్పలు ఒలుస్తుంది. ఒకప్పుడు తాతయ్య పడవ కోసం అప్పు చేస్తే హామీ సంతకం పెట్టింది. పడవా పోయింది, తాతయ్యా పోయాడు. ఆ బాకీ ఆల్చిప్పలు ఒలిచే తీర్చింది. అప్పటి నుంచి బ్యాంకు కనిపిస్తే రోడ్డు దాటి అవతలి పక్కన నడుస్తుంది.

ఆల్చిప్పలు ఒలిచే షెడ్డుకు వెళ్లి సంగతి చెప్పి, తన పేరు మీద అప్పు తీసిమ్మన్నాను. "నా మొహానికి అప్పా! నన్ను చూస్తే వాళ్ల కుర్చీలు కూడా లేచి పారిపోతాయే," అంది.

పక్కన ఒలుస్తున్న అమ్మమ్మ నేస్తం ఒక్‌బున్ ఊరుకోలేదు. "వెళ్లవే మల్లే. ముందు ఆ రబ్బరు బూట్లు విప్పు, లేకపోతే నిజంగానే పారిపోతారు."

మర్నాడు అమ్మమ్మ పెళ్లిళ్లకు వేసుకునే కోటు వేసుకుని బ్యాంకుకు వచ్చి, కుర్చీ అంచు మీద కూర్చుంది. ఆ అమ్మాయి చూసి, మళ్లీ చూసి, కంప్యూటరు మావైపు తిప్పింది.

"అప్పు తీర్చే నమ్మకానికి మీకు వెయ్యికి తొమ్మిది వందల ముప్పై మార్కులు, పెద్దమ్మగారూ."

"అయితే కుదరదా?"

"కుదరకపోవడమేంటండీ! మా మేనేజరుకే ఇంత లేదు."

అమ్మమ్మ చెయ్యి కోటుకు తుడుచుకుని, తెర మీద తన పేరు దాకా వేలు తీసుకెళ్లి, తాకకుండా ఆపేసింది. "సరిగ్గా చూడమ్మా. ఇంకో చోంగ్ మల్లే ఎవరైనా ఉందేమో."

"మీరేనండీ."

నెలనెలా నేను కట్టింది చిన్న బిల్లు, అదీ ఫోను ఆగిపోతుందన్న భయంతో. అది చడీచప్పుడూ లేకుండా పెరిగి, బ్యాంకుకు మొహం చాటేసిన మనిషిని అదే బ్యాంకులో ఇంత ఎత్తున కూర్చోబెట్టింది. గుళ్లో నిలబడ్డట్టు ఒళ్లు జలదరించింది.

కాగితాలు వచ్చాయి. పెన్ను పట్టుకున్న అమ్మమ్మ చెయ్యి ఆగిపోయింది.

"వద్దులే అమ్మమ్మా, వచ్చే ఏడు చదువుకుంటా."

"నోర్ముయ్యవే. అప్పుడు నన్నెవరు నమ్మారని? తాతయ్య వెనకాల నిలబెట్టి సంతకం గీకించుకున్నారు. ఇవాళ నన్నే నమ్మి ఇస్తున్నారు." ఒక్కో అక్షరం నొక్కి రాసింది.

బయటికొచ్చాక చెప్పాను. "నెలనెలా నేనే కడతా అమ్మమ్మా. రేపే ఫోను నా పేరుకు మార్పించుకుంటా. లేకపోతే నా పేరు ఎప్పటికీ ఖాళీగానే ఉంటుంది."

"మార్పించుకో. వద్దంటానా?"

రేవు మలుపు దగ్గర ఆగి, నా వైపు చూడకుండా అంది:

"ఈ ఒక్క నెల బిల్లు మాత్రం నా పేరు మీదే కట్టవే."