మఖమల్ డబ్బాలో వెండి

“వెండి ఏడికి పోతదే, ఇంట్లనే ఉన్నది గదా!”

మొగుడు యుగేందర్ అన్న ఈ ఒక్క మాటను స్వరూప ఇంతవరకు క్షమించలేదు. నవ్వుతూ అన్నాడు కాబట్టి అసలే క్షమించలేదు.

రేగొండలో వాళ్ల అవ్వ సత్తమ్మ నాట్లకు పోయినా, కలుపుకు పోయినా విప్పని కాళ్ల కడియాలవి. కన్నుమూసే ముందు కూతురి చేతుల్లో పెట్టింది. భూపాలపల్లికి తెచ్చి బీరువాలో దాచుకుంటే, “గిప్పుడు ఇవెవరు తొడుగుతరు, ముసలిదాని లెక్క” అన్న యుగేందర్, ఒకరోజు ఆమెకు చెప్పకుండానే తీసుకుపోయి అమ్మాడు. ఆ పైసలతో మఖమల్ డబ్బాల్లో వచ్చే స్మారక నాణేలు, వెండి పతకాల సెట్లు తెప్పించాడు. ఆమె ఏడిస్తే అన్న మాటే అది.

ఆనాటి నుంచి ఆ డబ్బాల చాకిరీ స్వరూపదే. ఎన్ని కిటికీలు మూసినా బొగ్గు లారీల దుమ్ము ఆగదు. రోజూ షోకేసు అద్దం తుడవాలి, మఖమల్ డబ్బాలు తుడవాలి, మూత మాత్రం తీయకూడదు. “నీ చేతులకు పసుపు, నూనె ఉంటది. ఏలు తగిల్తే మచ్చ పడ్తది, మళ్ల పోదు” అంటాడు. ఆ చేతులతో కలిపిన పులిహోరే టిఫిన్‌లో పెట్టుకుని చెల్పూర్ ప్లాంటుకు డ్యూటీకి పోతాడు. అన్నానికి పడని మచ్చ వెండికెట్లా పడుతుందబ్బా అని ఆమె తుడుస్తూ తుడుస్తూ అనుకునేది. ఎవరైనా వస్తే తెల్ల గ్లౌజులు తొడుక్కుని ఒక్కో పతకాన్ని ఎంత పదిలంగా ఎత్తేవాడో! తన చెయ్యి ఎప్పుడైనా అట్లా పట్టుకున్నాడా? ఎంత వెతికినా గుర్తుకు రాలేదు.

ఆదివారం ప్లాంటు దోస్తు కుమారస్వామి వచ్చాడు.

“రా అన్నా, మా పతకాలు చూద్దువు! స్వరూపా, ఆ డబ్బాలు తే. మూత తియ్యకు!”

తెచ్చి ముందర పెట్టింది. యుగేందర్ గ్లౌజులు తొడుక్కుని మూత తీశాడు. నాణేలు ఉన్నాయి. పతకాల చోట గుండ్రటి గుంటలే ఉన్నాయి.

“ఏవే పతకాలు?”

కుమారస్వామి చూపు అప్పటికే ఆమె కాళ్ల మీద ఉంది. “మా అవ్వకు గూడ గిసొంటియే ఉండె” అన్నాడు మెల్లగా.

స్వరూప చీర కుచ్చిళ్లు జర పైకి పట్టుకుంది.

“వెండి ఏడికి పోతది, ఇంట్లనే ఉన్నది. నాణేలు సర్కారు పైసలని ముట్టలే. పతకాలు అవుసలాయన కరిగించి కడియాలు చేసిండు.”

“పిచ్చి లేసిందా నీకు? వాటి ధరెంతనో ఎరుకనా?”

“ధర నాకెరుక లేదు, తూకం ఎరుక. అవ్వయి నలభై తులాలు. గివి ముప్పై ఒకటిన్నర. ఇంక నాకు ఎనిమిదిన్నర తులాలు తక్కువున్నయ్.”