కల్పలత చూడని సముద్రం

"మూడు కొండలు పక్కపక్కనే ఉంటయి సార్. ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద దర్గా, ఇంకోదాని మీద వేంకటేశ్వరస్వామి గుడి. కింద హార్బర్‌ల ఓడలు," అని కల్పలత ఫోన్లో విశాఖపట్నం గురించి చెబుతూ ఎడమచేత్తో నడుము ఒత్తుకుంటోంది.

సికింద్రాబాద్ స్టేషన్ ఎదుటి సందులో, మెట్ల కింద ఇరికించినట్టుండే ట్రావెల్స్ ఆఫీసు అది. కల్పలత పొట్టి మనిషి. చెంపలు నెరిశాయి. ఏళ్ళ తరబడి హెడ్‌ఫోన్ పట్టీ ఒరుసుకుని ఒక చెవి వెనక చర్మం నల్లబడి గట్టిపడింది. ముఖంలో అలసట కనిపించినా గొంతు మాత్రం కొత్తగా కాపురానికొచ్చిన పిల్లదిలా ఉంటుంది. ఆ గొంతు విని టికెట్ తీసుకున్నవాళ్ళు ఆఫీసుకొచ్చి, ఎదురుగా ఉన్న ఆమెనే "ఫోన్లో మాట్లాడే అమ్మాయి లేదా?" అని అడిగేవారు.

ఆమె విశాఖ వెళ్ళలేదు. సెలవులకు ఊరంతా కదిలేటప్పుడే ఆఫీసులో ఫోన్లు ఎక్కువ. మిగతా రోజుల్లో మంచాన పడ్డ తల్లి. అందుకే తిరిగొచ్చిన ప్రయాణికులను కూర్చోబెట్టి, టీ తెప్పించి, అన్నీ అడిగి తెలుసుకునేది. ఒడ్డున ప్రదర్శనకు పెట్టిన సబ్‌మెరైన్ లోపల గుండ్రటి ద్వారాలు తల వంచి, కాలెత్తి దాటాలని ఒకావిడ చెప్పింది. భీమిలిలో డచ్చివాళ్ళ సమాధుల మీది అక్షరాలను ఉప్పుగాలి తినేస్తోందని ఒక మాస్టారు చెప్పాడు. డాల్ఫిన్ నోస్ కొండ మీది దీపస్తంభం నుంచి చూస్తే సముద్రం వంగినట్టుంటుందన్న మాట ఎవరిదో ఆమెకు గుర్తులేదు. ఇప్పుడది తన మాటే.

పోయినేడు తల్లి చనిపోయింది. పదోరోజు వెళ్ళగానే యజమాని ఓంప్రకాశ్ ఇంటికొచ్చాడు. వాళ్ళ నాన్న ఆఫీసు నడిపిన రోజుల్లో, చిన్నప్పటి నుంచీ ఏటా ఆమె చేత రాఖీ కట్టించుకునేవాడు. బస్సుల్లో వినిపించడానికి విశాఖ విశేషాలు ఆమె గొంతుతో రికార్డు చేయిద్దామన్నాడు. ఆ గొంతు మోగే మొదటి బస్సులో ముందు సీటు ఆమెదేనన్నాడు. సాయంత్రాలు ఆఫీసు అయ్యాక అల్వాల్‌లో ఒక స్టూడియోకు వెళ్ళి, గాలాడని గదిలో మైకు ముందు కూర్చుని ఆమె మాట్లాడింది. సముద్రం మాట వచ్చినప్పుడు నవ్వమన్నారు. నవ్వింది.

ఈమధ్య ఫోన్లు తగ్గాయి. సీజన్ కాదేమో అనుకుంది. ఎదుటి బల్ల దగ్గర కూర్చునే సృజన మాత్రం కొన్నాళ్ళుగా ఆమె కళ్ళలోకి చూడటం లేదు.

మధ్యాహ్నం ఆమె సొంత సెల్‌ మోగింది. అల్వాల్ అమ్మిరాజుగారు, పాత ప్రయాణికుడు.

"అమ్మాయ్, మా ఆవిడ సుబ్బులుకి మోకాళ్ళ నొప్పులని నీకు తెలుసు కదా. ఇందాక సబ్‌మెరైన్ ఎక్కగలదా అంటే సులువుగా ఎక్కుతారండీ అన్నావు. నిజమేనా?"

"నేనెప్పుడు చెప్పిన సార్?"

"ఇందాకేనమ్మా. ఆఫీసు నెంబరుకి చేస్తే నువ్వే మాట్లాడావు."

కల్పలత బయటికొచ్చి, మెట్ల మీద కూర్చుని, తన సెల్ నుంచి ఆఫీసు నెంబరుకు చేసింది. లోపల ఆమె బల్ల మీది ఫోన్ మోగలేదు. చెవిలో మాత్రం ఆమె గొంతే పలికింది. కల్పలతను మాట్లాడుతున్నానంది. విశాఖ ఎప్పుడు వెళ్తున్నారని అడిగింది.  కల్పలత పరాయిదానిలా అడిగింది.

"మీరు సముద్రం చూసిన్రా మేడమ్?"

"ఎన్నిసార్లో చూసిన మేడమ్," అని ఆ గొంతు నవ్వింది. "ఒక్కసారి చూస్తే మళ్ళ మళ్ళ పోవాలనిపిస్తది."

ఆమె ఫోన్ పెట్టేసి, లేచి లోపలికి ఓంప్రకాశ్ దగ్గరికి వెళ్ళింది.

ఓంప్రకాశ్ దాచలేదు. ఆమె గొంతుతో మెషీన్ రాత్రీ పగలూ మాట్లాడుతుందని, అందరూ అదే పెట్టుకుంటున్నారని చెప్పాడు. వచ్చే నెల నుంచి ఆమె రానక్కర్లేదట, పరేషాన్ కావద్దట. ఇక బస్సు సంగతి అడిగితే, ఆ రికార్డింగంతా ఆమె గొంతు మెషీన్‌కు నేర్పడానికేనని, ఉన్నమాట చెబితే ఆమె ఒప్పుకోదేమోనని అన్నాడు.

కల్పలత అతని ముఖంలోకి చూసింది. ఎత్తుకుని బడికి తీసుకెళ్ళిన పిల్లవాడు.

"అడిగుంటే ఇస్తుంటి కద తమ్మీ," అంది. "గిట్ల తీస్కుంటివేంది?"

అతను ఫోన్ తీసి చూసుకోసాగాడు.

ఆమె తిరిగొచ్చి అమ్మిరాజుగారికి ఫోన్ చేసింది. సుబ్బులుగారిని సబ్‌మెరైన్ ఎక్కించవద్దని, ఎదురుగా ఇసుకలో కుర్చీ వేసి కూర్చోబెట్టమని చెప్పింది. ఆవిడకు అది చాలునంది. ఈసారి ఆ గొంతులో నవ్వు లేదు.

సృజన వచ్చి పక్కన నిలబడింది. "నాకు ముందే తెల్సు ఆంటీ. చెప్పొద్దన్నరు," అంది. కల్పలత తలూపింది. సంచీ భుజాన వేసుకుంది. వచ్చే నెల దాకా ఉండవచ్చని లోపలి నుంచి ఓంప్రకాశ్ అంటున్నా ఆగలేదు. దీపాలు పెట్టే వేళకు సందు దాటి, సీతాఫల్‌మండి వెళ్ళే జనంలో కలిసిపోయింది.

కిటికీ పక్కన ఆమె కుర్చీలో, పాత చీరతో కుట్టుకున్న మెత్త దిండు మధ్యలో నొక్కుకుపోయి, అలాగే ఉంది.