తెరుచుకోని పుస్తకాలు

"ఆరింటికి ఆవిష్కరణ సభ! రెండువందల పుస్తకాలూ ఇంకా అంచు కొయ్యాలి. మొహాలు చూసుకుంటూ నిలబడితే అవే తెగుతాయా?" ఫోర్‌మన్ అరుస్తున్నాడు.

బైండరమ్మ కదల్లేదు. కటింగ్ మెషిన్ కత్తికేసి చూస్తోంది. నెల కిందట ఆ కత్తే ఆమె తోడికోడలి రెండు వేళ్లు తీసుకుంది. చేతికి అడ్డుండాల్సిన కమ్మీ విరిగి ఏడాదైంది. వేళ్లు పోయిన మనిషిని ఇంటికి పంపి, ఆ చోట ఈమెను నిలబెట్టారు. కమ్మీ మాత్రం రాలేదు.

దానికోసం బైండరమ్మ కాళ్లరిగేలా తిరిగింది. "ఇది కేంద్ర ప్రభుత్వ ప్రెస్సు, నేను గడప తొక్కకూడదమ్మా" అన్నాడు రాష్ట్రం ఇన్‌స్పెక్టరు. "యంత్రాల తనిఖీ రాష్ట్రానిది. వాళ్ల పనిలో మేం వేలు పెట్టం" అన్నాడు కేంద్రం అధికారి. వేలు పెడితే ఏమవుతుందో ఆ మహానుభావుడికేం తెలుసు!

ఇప్పుడు బైండు చేస్తున్నది రాజ్యాంగం. తోలు అట్ట, బంగారు అక్షరాలు. పొద్దున ఆమె ప్రూఫులు దిద్దే పెద్దాయన్ని అడిగింది.

"బాబాయ్, ఇందులో మా ఊసేమైనా ఉందా?"

ఆయన చివరి కాగితాలు తిరగేశాడు. "ఉందమ్మా. ఇవి కేంద్రం పనులు, ఇవి రాష్ట్రాలవి. ఇదిగో, కూలీల క్షేమం ఇద్దరిదీను."

"ఇద్దరిదీ అని ఉంటే, ఎవరిదీ కాదని ఎట్లా చదివారు?"

"చదివితే కదా!"

రాసినవాళ్లు మంచివాళ్లే. ఒకరు కాకపోతే ఒకరు చూస్తారనుకున్నారు. ఒకరి మీదికొకరు నెట్టేసే ఘనులు పుడతారని ఊహించలేదు, పాపం.

"నిన్నే! చెయ్యి పెట్టు" అన్నాడు ఫోర్‌మన్.

"పెట్టను."

"ఉద్యోగం పోద్ది!"

"పోనీండి. వేళ్లుంటే ఇంకో పని దొరుకుద్ది."

ఫోర్‌మన్ మిగతావాళ్లకేసి చూశాడు. కుట్టుబల్ల దగ్గర ఆడవాళ్లంతా చేతులు వెనక్కి పెట్టుకున్నారు. మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. "కొయ్యకుండానే ఎత్తండి. పైకి బాగానే ఉన్నాయిగా, ఎవడు చదువుతాడు?"

మడిచి కుట్టిన కాగితాలకు అంచు కోస్తేనే పేజీలు విడివడతాయి. ఆ సంగతి పనివాళ్లందరికీ తెలుసు. అయినా కట్టలెత్తి సభ దగ్గరికి చేర్చారు.

సభ ప్రెస్సు ఆవరణలోనే. వేదిక మీద ఇన్‌స్పెక్టరూ అధికారీ పక్కపక్కనే కూర్చున్నారు. చెరో పుస్తకం అందుకున్నారు. ఒక్క వాక్యం చదవమన్నాడు సభకొచ్చిన పెద్దమనిషి. ఇద్దరూ పేజీలు లాగారు. రాలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"కత్తి, కత్తి!" అని మేనేజరు కంగారుపడ్డాడు.

బైండరమ్మ జనంలోంచి ముందుకొచ్చింది.

"కత్తి లోపలుంది సార్. కమ్మీ మీ ఇద్దర్లో ఎవరు తెస్తారు?"