తాత కూర్చోబెట్టిన కదలని కారు

మూడోసారి కూడా వెనక చక్రం లోపలి వైపంతా గ్రీజు చిమ్మి ఉంది. జాకీ మీద లేపిన కారు కింది నుంచి శాంతి కుమార్ బయటికి వచ్చి, చిరిగిన రబ్బరు బూటును బండ మీద పెట్టాడు. ఇరుసు కీలుకు తొడిగి పట్టీతో బిగించే తొడుగు అది. లోపలి గ్రీజును పోనివ్వదు, బయటి దుమ్మును రానివ్వదు. రెండు నెలల్లో ఇది మూడోది.

"అన్నా, నిజామాబాద్ల అందరు పట్నం పొమ్మన్నరు. బోర్డు మీద హనోకు తాత పేరు సూసి నీ దగ్గరికొచ్చిన," అన్నాడు కారు యజమాని అఖిలేష్. ఆ మాటలో కోపం కన్నా జాలే ఎక్కువ. అదే శాంతి కుమార్‌కు గుచ్చుకుంది.

"జర పైకి లేపుదాం అఖిలేష్. కారును గింత కిందికి దించితే ఇరుసు వంకరగ నిలవడ్తది. బూటు ఎట్ల ఆగుతది?"

"లేపుడా? రెండేండ్లు పైసలు జమ జేసి పొట్టి స్ప్రింగులు ఏయించిన. లేపితే దోస్తుల ముంగట ఇజ్జత్ ఉంటదా?"

శాంతి కుమార్ చేతులు తుడుచుకుంటూ రేకుల షెడ్డు మీది బోర్డు వైపు చూశాడు. 'హనోకు మెకానిక్, రుద్రూర్'. అక్షరాలు సగం వెలిసిపోయాయి.

"గిదొక్కసారి ఏస్త. మళ్ల చినిగిందంటే మా బాపు పేరు బోర్డు మీదికెల్లి తీసేస్త. ఆయన పేరు వెట్టుకొని గిసొంటి పని జేసుడు తప్పు."

షెడ్డు వెనక గదిలో చదువుకుంటున్న గ్రేస్‌కు ఆ మాట సూటిగా వినబడింది. శాంతి కుమార్ కూతురు ఆమె. ఊరి బడిలో పదో తరగతి. బడిలో సారు అడిగిన ప్రశ్నకు జవాబు తెలిసినా చెయ్యెత్తదు. నోటి దాకా వచ్చి ఆగిపోయిన మాటలన్నీ సాయంత్రానికి డైరీలోకి చేరతాయి. ఇప్పుడు కూడా చేయి డైరీ మీదికే పోయింది. మొదటి పేజీల్లో తాత ఉన్నాడు. అక్కడికి తిప్పింది.

తాత పోయినప్పుడు ఆమె నాలుగో తరగతి. చెరుకు కోతల కాలంలో బోధన్ రోడ్డంతా ట్రాక్టర్ల మీంచి జారిన గడలే. బండ్ల కింద నలిగిన గడలు కత్తుల్లా చీలి లేచేవి. ఎయిట్ హండ్రెడ్ కార్ల ముందు చక్రాల బూట్లు వాటికి తగిలి చిరిగేవి. చక్కెర ఫ్యాక్టరీ నడిచే రోజుల్లో పడమటి గాలి వీస్తే చెరుకు మడ్డి వాసన షెడ్డు దాకా వచ్చేది. ఆ వాసన మధ్య తాత కార్ల అడుగున నిలబడి పని చేసే గుంతలోకి దిగి, పైకి కేకేసేవాడు. "ఓ గ్రేసూ! అవ్వను తోల్కరా, కారెక్కుండ్రి!"

గ్రేస్, నాయనమ్మ గంగమ్మ అవ్వ, కారు యజమాని, ఆయన భార్య, అందరూ ఎక్కి కూర్చునేవారు. కారు కదిలేది కాదు. అయినా గ్రేస్ కిటికీలోంచి చెయ్యి ఊపుతూనే ఉండేది. కాసేపటికి కింద ఉస్సుమని చప్పుడు. "కారు నిట్టూర్చింది. ఇగ దిగుండ్రి," అనేవాడు తాత. దిగాక జేబులోంచి ఒక పిప్పరమెంటు.

అదంతా ఆట అనుకునేది. డైరీలో అలాగే రాసుకుంది. కానీ కింది వాక్యం దగ్గర ఇవాళ కళ్లు ఆగిపోయాయి. 'తాత ప్రతిసారీ అడిగేవాడు: అందరు కూసున్నరా? అయితే ఇగ పట్టీ బిగిస్త.'

ఆట కాదు అది. బరువు.

డైరీ పట్టుకుని బయటికి వచ్చింది. అఖిలేష్ తలెత్తి చూశాడు. గ్రేస్ వెనక్కి పోదామనుకుంది. బోర్డు కనబడింది.

"బాపూ... తాత పట్టీ జాకీ మీద బిగించకపోతుండె. బండి నేల మీద ఉండంగ, మనుషులను కూసోవెట్టి బిగించెటోడు."

అఖిలేష్ నవ్వాడు. "అన్నా, నీ షెడ్డుల అసలు ఉస్తాద్ గీమెనా?"

"నువ్వాగు జర. చెప్పు బిడ్డా."

"జాకీ మీద చక్రం కిందికి ఏలాడ్తది గదా. దించినంక పైకి పోతది. ఈ కారైతే ఇంక పైకి..." మిగతాది అరచెయ్యి పైకెత్తి చూపించింది.

శాంతి కుమార్ చిరిగిన బూటును చేతిలోకి తీసుకుని సాగదీశాడు, మళ్లీ నొక్కాడు. మడతలు ఒకదాని మీద ఒకటి ఎక్కి రాసుకున్నాయి. చిరుగు సరిగ్గా అక్కడే ఉంది. తాత షెడ్డు నడిపిన రోజుల్లో తను ఫ్యాక్టరీలో క్రేన్ నడిపేవాడు. ఫ్యాక్టరీ మూతపడ్డాకే నిజామాబాద్‌లో ఈ పని నేర్చుకున్నాడు. అక్కడ అన్నీ పైకి లేపే చేసేవారు.

"సాగినప్పుడు బిగిస్తున్న. దించంగనే ముడుసుకుంటున్నది. లోపట గాలి గూడ బందయితున్నది," అని తనలో తానే అనుకున్నాడు.

"మరి గుంతల ఎందుకు జెయ్యలే అన్నా?" అన్నాడు అఖిలేష్.

"గుంత సుట్టు ఇటుకల గట్టు ఉన్నది, వాన నీళ్లు రాకుంట. నీ కారు పొట్ట దానికి తాకుతది. పొట్టి స్ప్రింగులు ఏయించింది నేనా?"

మూలన పడి ఉన్న పాత చెరుకు బండి పలకలు తెచ్చి గుంతకు ఇరుపక్కలా వాలుగా పరిచారు. కారు నత్తలా ఎక్కింది. కొత్త బూటు తొడిగి, గ్రీజు నింపి, శాంతి కుమార్ గుంతలోంచి పైకి చూశాడు.

"గ్రేసూ, అవ్వను తోల్కరా."

గంగమ్మ అవ్వ వచ్చి, తలుపు పట్టుకుని వంగింది, ఇంకా వంగింది. చివరికి సీట్లో పడింది. "గిది కారా, సాపా? నేల మీదనే కూసున్నట్టున్నది!"

స్టీరింగ్ దగ్గర అఖిలేష్, వెనక అవ్వ, పక్కన గ్రేస్. కింద గుంతలోంచి గొంతు వచ్చింది.

"అందరు కూసున్నరా?"

అవ్వ చప్పున గ్రేస్ చెయ్యి పట్టుకుంది. ఆ గొంతు తన కొడుకుదే. మాట మాత్రం తాతది.

"కూసున్నం," అంది గ్రేస్, అందరి తరఫునా, బిగ్గరగా.

లోపలి గాలిని వదలడానికి బూటు అంచు కింద సైకిల్ పుల్ల దూరింది. ఉస్సుమంది. పట్టీ బిగిసింది.

నెలన్నర తర్వాత అఖిలేష్ వచ్చాడు. మధ్యలో కారును ఒక వేలెడు ఎత్తు పెంచుకున్నాడట. దోస్తులెవరూ గమనించలేదని కొంచెం బాధగానే చెప్పాడు. శాంతి కుమార్ గుంతలోకి దిగి, బూటు మీద వేలితో రాసి, ఆ వేలిని పైకెత్తి గ్రేస్‌కు చూపించాడు. వట్టి దుమ్ము. పొడి దుమ్ము.

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చాక నిచ్చెన వేసి, బోర్డు మీది అక్షరాలకు కొత్త రంగు వేశాడు. కింద డబ్బా పట్టుకున్నది గ్రేస్.