కేడీఎం అనే పెద్దమనిషి

ఊదుగొట్టం పెదాలకు ఆనించుకుని ఓబులయ్య ఆచారి బుగ్గలు పూరించాడు. దీపం మంట సన్నగా సాగి, బొగ్గు మీద పెట్టిన చెవికమ్మను తాకింది. వెలిగారం పొంగి, అణిగి, గాజులా మెరిసింది. ఆవగింజంత అతుకు ముక్క కరిగి సందులోకి జారింది. పచ్చటి పొగ పాయ ఒకటి లేచి ఆయన మీసాల మీదుగా ముక్కులోకి పోయింది. దగ్గు తెర తగ్గేదాకా కమ్మను బొగ్గు మీదే ఉంచి, తర్వాత పక్కన పెట్టాడు.

"ఏందయ్యా ఆ దగ్గు!" వంటింట్లోంచి భార్య వరదమ్మ అరిచింది. "ఆ పొగ మానుకోమని నెల్లూరు డాక్టరు చెప్పినాడా లేదా?"

"చెప్పినాడు. కేడీఎం లేకుండా నగ జేస్తే ఎవురు జేయించుకుంటారో అది చెప్పలా."

తొంభైల మొదట్లో ఆత్మకూరు కంసాలి వీధిలోకి కేడీఎం వచ్చింది. కాడ్మియం అనే లోహానికి అది పొట్టిపేరని వీధిలో ఎవరికీ తెలియదు. నెల్లూరు నుంచి తెల్లటి లోహపు ముక్కలు కాగితంలో చుట్టి తెస్తారు. కాసింత బంగారంలో కలిపి అతుకు వేసుకోవాలి. ఓబులయ్య మాత్రం అది ఒక మనిషి పేరని, పొడి అక్షరాల్లో సంతకం చేసే ఏ బొంబాయి పెద్దమనిషో దాన్ని కనిపెట్టి ఉంటాడని తీర్మానించుకున్నాడు. ఆయన ఫోటో దొరికితే విశ్వకర్మ పటం పక్కన తగిలించేవాడే.

అంత భక్తికి కారణం ఉంది. కన్నతల్లి ముక్కుపుడకలోనైనా కాస్త గోకనిదే కంసాలికి నిద్రపట్టదని లోకం ఏనాడో తీర్పు చెప్పేసింది. వెనకటి అతుకుల్లో రాగి, వెండి కలపక తప్పేది కాదు. నగ కరిగిస్తే అదంతా బంగారంలో కలిసి వన్నె తగ్గేది, మాట కంసాలి మీదికి వచ్చేది. కేడీఎం అతికేదాకా ఉండి, అతికాక తాను పొగై పోతుంది. బంగారం బంగారంగానే మిగులుతుంది.

ముప్పై ఏళ్ల కిందట ఉదయగిరి రైతు కుటుంబపు పిచ్చమ్మ, తన నగ కరిగిస్తే వన్నె తగ్గిందని ఇదే అరుగు ముందు నిలబడి ఓబులయ్య తండ్రి మునెయ్యను దొంగ అంది. మునెయ్య నోరెత్తలేదు. ఆ తర్వాత బతికినన్నాళ్లూ పెద్దగా ఎత్తలేదు. ఆ మాట కొడుకు మనసులో ముల్లై కూర్చుంది. కోపం చల్లారాక పిచ్చమ్మ మళ్లీ ఆ ఇంటికే పనులు ఇచ్చింది గానీ, ముల్లు మాత్రం అక్కడే ఉంది.

రెండేళ్ల కిందట ఆమె కోడలికి ఓబులయ్య నెక్లెసు చేశాడు. అది వద్దు, గాజులు కావాలంది కోడలు. నెల్లూరులో కరిగిస్తున్నామని, ఇవాళ వచ్చి సంగతి చెబుతానని పిచ్చమ్మ కబురు పెట్టింది. అందుకే పొద్దుటి నుంచి ఉదయగిరి బస్సు హారను వినపడితే చాలు, ఆయన చేతిలో పని ఆగిపోతోంది.

ఎండ ఎక్కాక పిచ్చమ్మ వచ్చింది. చేతికి కర్ర వచ్చింది గానీ గొంతు తగ్గలేదు.

"ఏమయ్యా ఆచారీ, నీ నెక్లెసు కరిగిచ్చినాం."

ఓబులయ్య చేతిలోది కింద పెట్టేశాడు.

"వన్నె ఒక్క రవ్వ తగ్గలా. ఎవురు జేసినారని కరిగిచ్చిన సేటే అడిగినాడు."

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇక చాలనుకున్నాడు. చాలలేదు.

"మా నాయన గూడా దొంగ గాదమ్మా. అప్పుడు కేడీఎం లేదు, అంతే."

"దొంగని ఎవురన్నారు?"

"నువ్వే గదమ్మా. ఈడనే నిలబడి."

పిచ్చమ్మ నొసలు చిట్లించింది. "నేనన్నానా? ఏమో నాయనా, కోపమొస్తే నా నోటికి హద్దుండదు."

ముప్పై ఏళ్లు తాను మోసిన మాట ఆమెకు గుర్తే లేదు. ఓబులయ్యకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఈలోగా ఆమె కొంగుముడి విప్పి, తెగిన గొలుసు తీసి ఆయన ముందు పెట్టింది.

"ఇది మీ నాయన జేసిందే. పెళ్లినాడు ఏసుకున్నా, నిన్న తెగిందాకా తియ్యలా. దొంగ జేసింది మెళ్లో ఏసుకోని తిరుగుతానా? అతికిపెట్టు, రేపొచ్చి తీసుకపోతా."

పిచ్చమ్మకు క్షమించమనడం చేతకాదు. అయినా ఓబులయ్యకు కడుపు నిండిపోయింది. అన్నం రెండు ముద్దలు తిని లేచాడు. గాలికి మంట ఊగుతోందని కిటికీ, తలుపు మూశాడు. తండ్రి పనితనం పక్కన తన చెయ్యి పడుతోంది, ఆషామాషీగా పడకూడదు. మొదటి అతుకు నచ్చక విడదీశాడు. రెండోదీ నచ్చలేదు. గదిలో పొగ కమ్ముకుంది. నోట్లో ఇనుప రుచి తేలింది. వరదమ్మ తలుపు బాదితే, "అయిపోవచ్చిందే," అన్నాడు. మళ్లీ వంగి ఊదాడు.

సాయంత్రానికి చలిగా ఉందని దుప్పటి అడిగాడు. మిరియాల కషాయం సగం తాగాడు. నర్సు రెబెకమ్మను పిలుచుకొస్తానని వరదమ్మ చెప్పులు తొడుక్కోబోతే వద్దన్నాడు.

"మా నాయన జేసిందాన్ని మెళ్లోంచి తియ్యనే లేదంట," అన్నాడు గోడవైపు తిరుగుతూ.

పొద్దున కాఫీ తెచ్చి పిలిస్తే పలకలేదు.

పిచ్చమ్మ బస్సు దిగి వచ్చేసరికి అరుగు నిండా జనం. కర్ర గోడకు ఆనించి, ఆయన కాళ్ల దగ్గర చాలాసేపు కూర్చుంది. లేవబోతుంటే వరదమ్మ లోపలికి వెళ్లి గొలుసు తెచ్చి ఆమె చేతిలో పెట్టింది.

"ఏడమ్మా అతికింది?" అంటూ పిచ్చమ్మ గొలుసును వేళ్ల మధ్య జరుపుకుంటూ పోయింది. తండ్రి వేసిన అతుకులు ఒక్కొక్కటీ కాస్త పాలిపోయి కనిపిస్తున్నాయి. కొడుకు వేసింది మాత్రం ఆ చివర నుంచి ఈ చివరకు ఎన్నిసార్లు తిప్పినా ఏదో తెలియలేదు.