సారాతో కడిగిన రొయ్యలు

మా ఆయన కనకరాజు మందు మానేశాడు. కేరమ్ డౌన్స్ గుడిలో హారతి పళ్ళెం మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు. అప్పటికే నాకు ముందు పన్ను ఒకటి ఊడింది, ఎడమ చెవి సరిగా వినపడటం మానేసింది. "మందు లోపలికెళ్తే మనిషి బయటికెళ్ళిపోతాడమ్మా. మావోడు మట్టుకు మంచోడే" అని మా అత్తగారు భీమవరం నుంచి ఫోన్‌లో చెప్పేది. నేనూ అదే నమ్మాను. నన్ను కొట్టింది సీసా, ఆయన కాదు. ఆ నమ్మకం మీదే ఈ పరాయి దేశంలో, క్రాన్‌బర్న్‌లో కాపురం చేస్తూ వచ్చాను.

కాబట్టి మా ఇంట్లోకి సీసా రాకూడదు. దగ్గు మందు కొన్నా లేబుల్ చదివి మరీ కొనేదాన్ని.

అలాంటిదాన్ని పక్కింటి హ్వా ఆంటీ దగ్గర వియత్నాం వాళ్ళ పుల్లటి రొయ్యల పచ్చడి నేర్చుకోవడానికి వెళ్ళాను. రొయ్యల చెరువుల మధ్య పుట్టినదాన్ని, రొయ్య గురించి నాకొకరు చెప్పాలా అన్న పొగరుతోనే వెళ్ళాను. మనం రొయ్యను వలిచి, నూనెలో వేయించి, దాని ప్రాణం రెండోసారి తీస్తాం. వాళ్ళు రొయ్యను పొయ్యే ఎక్కించరు. మీసాలూ కాళ్ళూ కత్తిరించి, పెంకుతోనే బియ్యం సారాలో కడుగుతారు. నీళ్ళతో కడిగితే కుళ్ళుతుందట. సారాలో పచ్చి రొయ్య దానంతటదే ఎర్రబడుతుంటే చూస్తూ ఉండిపోయాను. నా పొగరు అక్కడే దిగింది.

కానీ సారా మా గడప దాటకూడదు. "ఆంటీ, దిస్ పార్ట్ ఓన్లీ యువర్ హౌస్" అన్నాను. ఆవిడ నా పన్ను ఊడిన సందు వైపు చూసి తలూపింది. కడగడం ఆవిడ గరాజ్‌లోనే అయింది, సీసా అక్కడే ఉండిపోయింది. వడగట్టిన రొయ్యల్లో వెల్లుల్లి, పండుమిరప ముక్కలు, అల్లంలాంటి ఒక దుంప, జిగురు బియ్యపు అన్నం, చేపల ఊట కలిపి గాజు జాడీలో కుక్కాం. పైకి తేలిన రొయ్య పాడవుతుందని వెదురు పుల్లలు అడ్డంగా బిగించాం. ఆ జాడీ ఒక్కటే ఇంటికి తెచ్చి, వంటింటి కిటికీలో ఎండకు పెట్టాను.

కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం ఆయన ఆఫీసు నుంచి తొందరగా వచ్చాడు. అక్కడెవరి మీదో వచ్చిన కోపం మొహంలో అలాగే ఉంది. కిటికీలోని జాడీని వంటగట్టు మీదికి దించి, మూత తీసి వాసన చూశాడు.

"సారా ఎక్కడిదే?"

"రొయ్యలు కడిగిందండి. అంతా హ్వా ఆంటీ ఇంట్లోనే చేశాం. బాటిల్ మనింటికి రాలేదు."

"నా ఒట్టు తప్పించి, తాగుబోతోణ్ణని నలుగురికీ చెప్పుకుందామనా?"

"కాదండి, పచ్చడండి అది..."

జుట్టు చేతికి చుట్టుకుని నా మొహాన్ని వంటగట్టు రాయికేసి కొట్టాడు. ముక్కు విరిగిన చప్పుడు తల లోపల వినిపించింది. మళ్ళీ కొట్టాడు. నోరంతా రక్తం. కింద పడితే బూటుకాలితో డొక్కలో తన్నాడు. ఇదివరకు తూలుతూ తన్నేవాడు కాబట్టి సగం తన్నులు గోడకు తగిలేవి. ఈసారి ఒక్కటీ గురి తప్పలేదు. మధ్యలో ఆగి, చేతి వాచీ విప్పి, తుడిచి, జాగ్రత్తగా ఫ్రిజ్ మీద పెట్టాడు. మళ్ళీ వంగాడు.

ఇక "ఆయన" అనడం నా వల్ల కాదు. గట్టు పట్టుకుని లేచాను. చేతికి జాడీ తగిలింది. ఎత్తి వాడి మొహం మీద బద్దలు కొట్టాను. ఉప్పూ కారమూ సారా కలిసి వాడి కళ్ళలోకి దిగాయి. వాడు పందిలా అరిచాడు. ఆ అరుపు నాకు హాయిగా ఉంది, అబద్ధం ఎందుకు చెప్పాలి? గుడ్డిగా చేతులు చాపి నా గొంతు వెతుక్కున్నాడు. దొరికించుకుని గోడకు అదిమాడు. నాకు ఊపిరి ఆగిపోతుండగా పెరటి తలుపు అద్దం భళ్ళుమంది. అరుపులు విని వచ్చిన హ్వా ఆంటీ చేతిలో మిరపకాయలు దంచే రోకలి ఉంది. వాడి మోచేతి మీద ఒకే ఒక్క దెబ్బ వేసింది. ఎముక పటుక్కుమని చెయ్యి వేలాడింది. పోలీసులకు ఫోన్ చేసింది కూడా ఆవిడే.

వాళ్ళు వచ్చేసరికి వాడు గాజుపెంకుల్లో, రొయ్యల మధ్య కూర్చుని ఉన్నాడు. చొక్కా అంతా సారా కంపు. పోలీసమ్మాయి ముక్కు ఎగబీల్చి, "హ్యావ్ యు బీన్ డ్రింకింగ్, మేట్?" అంది.

వాడు ఒక్క క్షణం ఆలోచించాడు. తల దించుకున్నాడు. "యెస్ ఆఫీసర్. ఐ హ్యాడ్ టూ మచ్. ఐయామ్ నాట్ లైక్ దిస్" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, మెత్తగా, తెలుగులో, "తాగానని చెప్పు నీరజా. అమ్మకీ అదే చెబుదాం. రేపు గుడికెళ్ళి మళ్ళీ ఒట్టేసుకుంటాను" అన్నాడు.

చెప్పడం ఎంత తేలిక! ఇన్నేళ్ళూ నేను చెప్పిందీ అదే. డాక్టరుకీ, అత్తగారికీ, అద్దంలో నాకూ.

నోట్లో రక్తం ఉమ్మేశాను. "హీ ఈజ్ లయింగ్. టెస్ట్ హిమ్" అన్నాను.

దానితో పని లేదు, సాక్ష్యానికి నీ మొహం చాలంది ఆ అమ్మాయి. వాణ్ణి ఊదిస్తే తప్ప అంబులెన్సు ఎక్కనని నేను మొండికేశాను. చివరికి వాడి చేత నీళ్ళతో నోరు పుక్కిలింపించి, కాసేపాగి, కారులోంచి తాగిందీ లేనిదీ తేల్చే మీటరు తెచ్చింది. వాడు మొహం తిప్పుకున్నాడు. పీకలదాకా తాగినవాడు కూడా ఆ మీటరుకు అంత భయపడడు. ఆఖరికి ఊదాడు.

ఆమె మీటరు చూసి, మళ్ళీ చూసి, నా వైపు తిప్పింది.

సున్నా.

ఫోన్ తీసి ఆ అంకెను ఫోటో తీశాను. భీమవరం, మా అత్తగారికి పంపించాను.